ఆంగ్లపదశిక్షణమున లక్షణము, ప్రయోగము

క్రొత్తగా నాంగ్లము నేర్చు బాలునకుఁ బదముయొక్క యర్థము దేనివలనఁ దెలియును? నిర్వచనమువలననా, ఉదాహరణవాక్యమువలననా, లేక రెంటికిని వెలియైన మఱియొకదానివలననా? ఈ ప్రశ్న చూపునకుఁ జిన్నది. కాని నేఁటి మన పల్లెపాఠశాలలయందలి బాలబాలికల విద్య యీ ప్రశ్నకు మన మిచ్చు నుత్తరముపై నాధారపడియున్నది. శబ్దార్థసంబంధమును గూర్చి రెండువేల యేండ్లకుఁ బైఁబడి విచారించిన శాస్త్రములు మనకుఁ గలవు. ఆ శాస్త్రములను జదివినవారము మనము. అట్లయ్యు నీ విషయమున నోరు మెదపక యుండుట యుచితముగాఁ దోఁపదు.

నేను నివసించు తాడ్వాయి కామారెడ్డి జిల్లాలోని యొక మండలకేంద్రము. 2016వ సంవత్సరమునఁ గ్రొత్తజిల్లా యేర్పడువఱకు నిజామాబాదు జిల్లాలోనిది. ఈ యూర సాయంకాలములయందు బడిపిల్లలు కొందఱు మా యరుగుమీఁదఁ గూర్చుండి పాఠములు వల్లించుచుందురు. వారిచేతులలో మూఁడుగడుల వ్రాఁతపుస్తకము లుండును. మొదటి గడిలో నాంగ్లపదము, రెండవదానిలో దానికి ఆంగ్లముననే నిర్వచనము, మూఁడవదానిలో నొక యుదాహరణవాక్యము. దినమునకు ఐదు పదములు. ఒకనాఁడు ఏడవ తరగతి చదువు బాలిక “రిలక్టెంట్” అను పదమును వల్లించుచుండెను. నిర్వచనము “అన్‌విల్లింగ్”, ఉదాహరణము “హి వాజ్ రిలక్టెంట్”. తడఁబాటు లేక రెండును జెప్పినది. “అన్‌విల్లింగ్ అంటే ఏమిటమ్మా?” అని యడిగితిని. “రిలక్టెంటే గదా, అయ్యగారూ!” అని యా బాలిక నిస్సంశయముగాఁ బలికినది. తార్కికులు అన్యోన్యాశ్రయమని దేనిని దోషముగాఁ బేర్కొందురో యది నా యెదుట నరుగుమీఁదనే కూర్చుండియుండెను. తప్పు బాలికది కాదు. ఆమెకిచ్చిన పుస్తకములో నా పదమునుండి యర్థమునకుఁ బోవు త్రోవ లేదు.

తెలంగాణప్రభుత్వపాఠశాలలలో 2022-23 విద్యాసంవత్సరమునుండి 1వ తరగతి మొదలు 8వ తరగతివఱకు నాంగ్లమాధ్యమము ప్రవేశపెట్టఁబడినది. ఆ నిర్ణయము మంచిదా కాదా యను చర్చకు నేను దిగను. అది జరిగినది, పిల్లలు చదువుచున్నారు. ఇంటఁ దెలుఁగు తప్ప మఱియొక భాష వినని శిశువు, గణితమును ప్రకృతిశాస్త్రమును ఆంగ్లపదములతోనే నేర్వవలసియున్నది. పదము తెలియనిచో శాస్త్రమే తెలియదు. కాఁబట్టి పదశిక్షణరీతి యిప్పుడు భాషాబోధకునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

పదమునకు అర్థమునందుఁ గల శక్తిని గ్రహించుటకు మన శాస్త్రకారు లెనిమిది యుపాయములను బేర్కొనిరి. న్యాయసిద్ధాంతముక్తావళిని జదివినవారి కెల్లరకు నవి కంఠస్థములు: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపదసాన్నిధ్యము. ఈ యెనిమిదింటిని నేఁటి యాంగ్లపదశిక్షణముతోఁ బోల్చి చూతము. ప్రత్యయములను విడఁదీసి యర్థము చెప్పుట వ్యాకరణము. బొమ్మ చూపి యిట్టి దని చెప్పుట యుపమానమునకుఁ జేరువ. పదమునకుఁ బ్రతిపదమిచ్చు పట్టిక కోశము. గురువు తెలుఁగున నర్థము చెప్పుట యాప్తవాక్యము. ఆంగ్లపదమునకు ఆంగ్లముననే వివరణమిచ్చుట వివృతి. ఉదాహరణవాక్యము సిద్ధపదసాన్నిధ్యమును, వాక్యశేషమును గలిసిన యుపాయము. ఇఁక మిగిలినది వ్యవహారము.

వ్యవహారమే శక్తిగ్రాహకములలో శిరోమణి యని పెద్దలు చెప్పుదురు. పెద్దవాఁడొకఁడు “ఆవును దెమ్ము” అనును. రెండవవాఁ డావును దెచ్చును. మరల “ఆవును గట్టుము, గుఱ్ఱమును దెమ్ము” అనును. చెంత నున్న శిశువు ఏ పదము చేరఁగా నేది చేరెను, ఏ పదము తొలఁగఁగా నేది తొలఁగెను అని గమనించి పదార్థములను వేఱుపఱచుకొనును. దీనినే ఆవాపోద్వాపము లందురు. ఇందు నిర్వచన మొక్కటియు లేదు. మా యూరి ముదుసళ్ల కెవ్వరును “దవాఖాన” యను పదమునకు లక్షణము చెప్పియుండలేదు. “దస్తఖతు”నకు నిర్వచనము వ్రాయించియుండలేదు. ఒకనాఁటి రాజభాషయైన యుర్దూనుండి వచ్చిన యీ మాటలు వ్యవహారముచేతనే వారి నోటఁ గుదురుకొన్నవి. వానిని వారు తప్పుగాఁ బ్రయోగించుట నే నెన్నఁడును వినలేదు.

అయినచో వ్యవహారముచేతనే సర్వపదములను నేర్పరాదా? రాదు. శిశువునకు మాతృభాష పగలెల్ల వినఁబడును. ఆంగ్ల మట్లు పల్లెలో వినఁబడదు. పాఠశాలలో నది కొన్ని గంటలు మాత్రమే. అదియు గ్రంథమునందలి భాష. అందుచేత వ్యవహారమునకుఁ బ్రతినిధిగా నొక యుపాయము కావలసియున్నది. ఆ ప్రతినిధియే యుదాహరణవాక్యము. ప్రతినిధికి ముఖ్యముయొక్క గుణములు కొన్నియైన నుండవలయును. లేనిచో నది పేరునకు మాత్రమే ప్రతినిధి.

ముందుగా నిర్వచనమును విమర్శింతము. నైయాయికులు గోవునకు సాస్నాదిమత్త్వమును లక్షణముగాఁ జెప్పుదురు. సాస్న యనఁగా గంగడోలు. ఈ లక్షణమున నతివ్యాప్తి లేదు, అవ్యాప్తి లేదు, అసంభవము లేదు. కాని దీనిని విని యెవ్వఁడైన నావును నేర్చుకొనెనా? ఆవు నెఱుఁగనివాఁడు గంగడోలు నెఱుఁగునా? లక్షణమునకు ఫలము వ్యావృత్తి. అనఁగాఁ దెలిసినదానిని తక్కినవానినుండి వేఱుపఱచుట. తెలియనిదానిని దెచ్చి కన్నులయెదుట నిలుపుట దాని పని కాదు. పదకోశకర్త లీ భేదమును మఱచినచోట నిర్వచనము విద్యార్థికి భారమగును. 1755లో ఆంగ్లభాషకు మహానిఘంటువును రచించిన శామ్యూల్ జాన్సను, అల్లికవలకుఁ జెప్పిన నిర్వచనము నేఁటికిని నవ్వునకుఁ బాత్రమగుచున్నది. వల యేమో ప్రతిపల్లెవానికిఁ దెలియును; ఆ నిర్వచనమునందలి పదములు పండితులకును గష్టసాధ్యములు. అట్లని జాన్సనును దూఱరాదు. ఆయన గ్రంథము ఆంగ్లమెఱిఁగిన యాంగ్లేయులకు. పైఁగాఁ బ్రసిద్ధగ్రంథములనుండి ప్రయోగములను జూపిన మహోపకారి. దోషము, ఒకరికై చేసిన లక్షణమును మఱియొకరి చేతఁ బెట్టువారిది.

ఈ దోషమును పాశ్చాత్యులే గుర్తించి సవరించుకొనిరి. ఆ సవరణము మన యాసియాఖండమునందలి పాఠశాలల యనుభవమునుండి పుట్టుట గమనింపఁదగినది. వంగదేశమున ఢాకాలో నుపాధ్యాయశిక్షణాలయమునకు అధ్యక్షుఁడుగాఁ బనిచేసిన మైకేల్ వెస్టు, 1935లో ఎండికాట్ అను వానితోఁ గలసి విదేశీయవిద్యార్థులకై యొక యాంగ్లనిఘంటువును బ్రకటించెను. అందు నిర్వచనములన్నియు 1,490 పదముల పరిమితిలోనే వ్రాయఁబడినవి. తెలిసిన పదములతోఁ దెలియని పదమును జెప్పవలయు నను నియమమును గ్రంథమంతటను బాటించిన నిఘంటువది. జపానుదేశమున నాంగ్లము బోధించిన హార్న్‌బీ, తన సహాయులతోఁ గూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడినది. దానినే 1948లో ఆక్స్‌ఫర్డువారు పునర్ముద్రించిరి. పదము వాక్యమున నెట్లు కుదురుకొనునో యది చూపుట దాని ప్రత్యేకత. 1987లో జాన్ సింక్లేరు సంపాదకత్వమున వెలువడిన కోబిల్డు నిఘంటువున నిర్వచనమే పూర్ణవాక్యముగా మాఱినది. పదమును వేఱుగాఁ బెట్టి యర్థమును జెప్పక, “ఎవఁడైన నిట్లు చేసినచో వాని నిట్లందురు” అను తీరున వివరింతురు. అనఁగా లక్షణము క్రమక్రమముగాఁ బ్రయోగమువైపు నడచినది. అర్థమునకు వాక్యమే ముఖ్యమని వాక్యపదీయమున వాదించిన భర్తృహరిని జదివినవారి కిది వింతగాఁ దోఁపదు.

ఇఁక నుదాహరణవాక్యము. ఉదాహరణము చేర్చినంతమాత్రమున గ్రంథము మంచిదగునని భ్రమపడరాదు. మా పిల్లల పుస్తకములలోఁ గనఁబడు నుదాహరణములలో మూఁడు దోషములను జూచితిని. వానికిఁ బేరులు పెట్టుచున్నాను.

మొదటిది నిర్గమకత్వము. “హి వాజ్ రిలక్టెంట్” అను వాక్యమునఁ బదమును వ్రేలితో మూసి చదువుఁడు. ఆ గడిలో సంతోషము, కోపము, ఆఁకలి, జ్వరము ఏది చెప్పు పదమైన నిముడును. వాక్యము పదమును నిర్ణయింపనిచో నది యర్థమును నిర్ణయింపదు. సిద్ధపదసాన్నిధ్యమునకు మన శాస్త్రగ్రంథములలోఁ జూపు వాక్య మెట్టిదో స్మరింపుఁడు. మామిడిచెట్టుపైఁ గూర్చుండి మధురముగాఁ గూయునది పికమని చెప్పినచోఁ బికశబ్దము నెఱుఁగనివాఁడును గోకిలయే యని గ్రహించును. మామిడి, మాధుర్యము, కూఁత యీ మూఁడును గలసి తక్కిన పక్షుల నన్నిఁటిని దోలివేయును.

రెండవది సాధ్యపదసాన్నిధ్యము. తెలియని పదమొకటి, దానిచుట్టును దెలియని పదములు నాలుగు. సిద్ధపదము లుండవలసినచోట సాధ్యపదము లుండుట. దారి యడిగినవానికి దారి తెలియనివారిని నలుగురిని దోడిచ్చి పంపినట్లు.

మూఁడవది దేశవిరోధము. మంచు కురియుట, పొయ్యిగూటిచెంత నుపవేశించుట, గొఱ్ఱెయూలుచొక్కాయి తొడుగుకొనుట మున్నగునవి మా బాలురు కన్నవి కావు. వానికిఁ దెలియని లోకమును జూపుట విద్యకు భూషణమే. కాని పదమును లోకమును రెంటిని నొక్కమాఱే తెలియనివానినిగా నిచ్చినచో నొకదానికి నొకటి యాలంబనము కాఁజాలదు. ముందుఁ దెలిసిన లోకమునఁ దెలియని పదము నిడవలయును. పదము కుదురుకొన్న తరువాత దానిని దెలియని లోకమునకుఁ గొనిపోవలయును.

ఈ మూఁడు దోషములు లేని వాక్యమెట్లుండునో యా బాలికకే చేసి చూపితిని. “పొంగుచున్న వాగులోనికి దిగుటకు ఎడ్లు రిలక్టెంటుగా నుండెను, చెర్నకోల చూపినమీఁదఁ గాని దిగలేదు” అంటిని. వెంటనే “ఎనకముందాడినయి” అని యా బాలిక పలికినది. ఆ మాట యే నిఘంటువునందును వెదకి తెచ్చినది కాదు. మత్తడి దూఁకుచుండఁగా వాగుచెంత నిలిచిన యెడ్లను జూచిన కన్నులు పలికించిన మాట. ఆ తరువాత నామెయే “పరీక్షనాఁడు బడికిఁ బోవ మా తమ్ముఁడు రిలక్టెంటు” అని చెప్పి నవ్వినది. పదము సొంతమైన దనుటకు అదియే గుఱుతు: ఉదాహరణమును వల్లించుట కాదు, ఉదాహరణమును గల్పించుట.

తెలుఁగువాక్యమున నాంగ్లపదమును జొనుపుట భాషాసాంకర్యమని కొంద ఱాక్షేపింతురు. నేను గావ్యరచనను గూర్చి చెప్పుటలేదు. ఊఁతకఱ్ఱ నడక కాదు. కాని కాలు నిలువనివానికి నూఁతకఱ్ఱ యవసరము. మఱికొందఱు, తెలుఁగు వినినచో బాలుఁ డాంగ్లమున నాలోచింపలే డందురు. ఆలోచించుటకు మొదట నర్థముండవలయునుగదా! అన్‌విల్లింగుచే రిలక్టెంటును, రిలక్టెంటుచే నన్‌విల్లింగును జెప్పు బాలిక యే భాషలోను నాలోచించుటలేదు.

ఈ మార్గము క్రొత్తది కాదు. దీనిని మొదట నాంగ్లేయుఁడే మన దేశమునఁ జూపెను. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో మదరాసునకు వచ్చి, వెలగపూడి కోదండరామపంతులవద్దఁ దెలుఁగు నేర్చి, 1852లోఁ దన తెలుఁగు–ఆంగ్లనిఘంటువును బ్రకటించెను. పదమునకు అర్థము చెప్పి యూరకుండక, కావ్యములనుండియు వాడుకనుండియుఁ బ్రయోగములను దెచ్చి చూపెను. ఆంగ్ల–తెలుఁగునిఘంటువున నాంగ్లపుఁ బలుకుబడులను దెలుఁగున వివరించుటయే తన సంకల్పమని గ్రంథనామమునందే తెలిపెను. అనఁగా నేర్చువాని భాషలో నేర్వవలసిన భాషను వివరించుట. బ్రౌనుగ్రంథములో దోషములు లేకపోలేదు. ప్రబంధమునందలి శ్లేషప్రయోగమును, సంతలోని మాటను నొక్క పదముక్రిందనే చేర్చినచోఁ గ్రొత్తవాని కేది నేఁడు పలుకఁదగినదో తెలియదు. అయినను, పరభాషను నేర్వఁగోరువానికిఁ బ్రయోగము లేని యర్థము నిరుపయోగమని యాయన యెఱిఁగెను.

మనము మాత్ర మెఱుఁగమా? తెలుఁగుపదముయొక్క సాధుత్వమును గూర్చి వివాదము వచ్చినచో మన మందఱము మొదట నడుగునది “ప్రయోగమేది?” అని. బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము 1885లో వెలువడినది మొదలు, ఆంధ్రసాహిత్యపరిషత్తు పూనికతో 1936లో మొదటిసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువువఱకు మన కోశకారులు ప్రయోగమునకై పడిన శ్రమ యింతింత యనరాదు. కవిప్రయోగము లేనిదే యొక్క తెలుఁగుపదమును నమ్మని మనము, మన పిల్లలకుఁ బరభాషాపదములను బ్రయోగము లేని పట్టికలుగా నందఱు నిచ్చుచుండఁగా జూచుచున్నాము. అమరమును వల్లె వేయించిన యలవాటు మన కీ విషయమునఁ గొంత యపకారము చేసినదేమో! అమరకోశము కావ్యపఠనమునకుఁ దోడుగా నుండెను. కోశమునందలి పదము మఱునాఁడు రఘువంశమునఁ గనఁబడెడిది. ఆ రెండవ సగమును విడిచి మొదటి సగమును మాత్రమే మనము గురుకులమునుండి పాఠశాలకుఁ దెచ్చితిమి.

విదేశపదములకు అర్థ మెచ్చటినుండి గ్రహింపవలయు నను ప్రశ్న మన మీమాంసకులకును వచ్చినది. పూర్వమీమాంస ప్రథమాధ్యాయతృతీయపాదమునఁ బికనేమాధికరణము కలదు. పిక, నేమ, తామరసాదిపదములు వేదమునఁ గనఁబడుచున్నవి; కాని యార్యులలో వాని వ్యవహారము లేదు, మ్లేచ్ఛులలోఁ గలదు. ఆ పదములకు ధాతువులను బట్టి యర్థమును గల్పించుకొనవలయునా, లేక మ్లేచ్ఛవ్యవహారమునందలి యర్థమునే గ్రహింపవలయునా? వ్యవహారమునందలి యర్థమే గ్రాహ్యమని సిద్ధాంతము. ఇచ్చట మ్లేచ్ఛశబ్దము నిందాపరము గాదు. పరభాషీయులని మాత్రమే గ్రహింపవలయును. వేదపదవిషయమునఁ గూడఁ బరభాషీయుల వాడుకకుఁ బ్రామాణ్యము నంగీకరించిన యా శాస్త్రకారుల సత్యనిష్ఠ యెంతటిది! ఆ సందర్భముననే కుమారిలభట్టు ద్రావిడాదిభాషాపదములను సంస్కృతప్రత్యయములు చేర్చి యన్యార్థమునకు లాగువారిని మందలించెను. అన్నమునకు వాచకమైన చోర్ అను ద్రావిడపదమును జోరశబ్దముగా దిద్ది దొంగ యని చెప్పినచో నేమగును?

అదే పొరపాటు నేఁ జేసితిని. ఏఁబదియేండ్లు దాఁటినవాఁడను గావున దాఁచవలసిన పని లేదు. ఇరువదియేండ్లక్రిందట నాంగ్లమును స్వయముగా నేర్చుకొనుచు, ఒక యధికారిని మా యూరి సభకు రమ్మని యాంగ్లమున లేఖ వ్రాసితిని. “అడుగుట” యను నర్థమునకుఁ బదముల పట్టికలో “డిమాండ్” అను పదము కనఁబడినది. వినయముతో నడుగుచున్నానని తలఁచి యా పదమునే వ్రాసితిని. ఆ యధికారి రాలేదు సరికదా, తన్ను శాసించుట కీ పండితుఁ డెవఁడని యన్నట్లు తెలిసినది. పట్టికలో వ్రాసినది యసత్యము కాదు. డిమాండు చేయుటయు నడుగుటయే. కాని హక్కుగలవాఁడు హక్కును జూపి యడుగుట. చిత్ర మేమనఁగా, ఆ పదము మా యూరివారి కందఱకును దెలియును. కూలిరేట్లు పెంచవలయునని డిమాండు చేయుదురు; మక్కలకు డిమాండు పెరిగినదని సంతలోఁ జెప్పుకొందురు. వివాహమునకు రమ్మని యొక్కఁడును డిమాండు చేయఁడు. వ్యవహారము నా వీధిలోనే యుండఁగా నేను బట్టికను బట్టుకొని పోయితిని.

ఈ యనుభవమువలన నాకుఁ దెలిసినది, నిర్వచనోదాహరణములు రెండును గలిసినను జాలవని. మూఁడవది కావలయును, దాని పేరు వైయాకరణులకుఁ గ్రొత్త కాదు. కాశికావృత్తిని దెఱచి చూడుఁడు. సూత్రమునకు అర్థము చెప్పి, ఉదాహరణము చూపి, వెంటనే “ఈ పదము సూత్రమున నేల?” అని ప్రశ్నించి ప్రత్యుదాహరణమును జూపుదురు. సూత్ర మెచ్చటఁ బ్రవర్తింపదో యది తెలిసినఁగాని యెచ్చటఁ బ్రవర్తించునో యది స్థిరపడదు. నేఁజూచిన యాంగ్లపదశిక్షణగ్రంథములలోఁ బ్రత్యుదాహరణము లేదు. డిమాండునకు నొక నిర్వచనమును, ఒక యుదాహరణమును ఉండి, “పెండ్లికి రమ్మని పెద్దల నడుగుచోఁ జెల్లదు” అను నొక్క ప్రత్యుదాహరణమున్నచో నాకు నాఁటి తలవంపు తప్పియుండెడిది.

పదము లనంతములు; ఒక్కొక్కదాని కింత శ్రమ యెట్లు సాధ్యమని యడుగవచ్చును. బృహస్పతి యింద్రునకు వేయి దివ్యవర్షములు ప్రతిపదపాఠము చెప్పియు నంతము గానలేదని భాష్యకారుఁ డుదాహరించిన కథ మన మెఱుఁగనిది కాదు. దినమున కైదు పదములు, ఏఁట రెండువందల దినములు బడి జరిగినను, ఏఁటికి వేయి పదములే. అందుచేతనే యెంపిక యవసరము. వెస్టుపండితుఁడు 1953లోఁ బ్రకటించిన సామాన్యోపయోగపదసంగ్రహమున నుండునవి దాదాపు రెండువేల పదములు. సామాన్యగ్రంథములందు నూఱు పదములు చదివినచో సుమారెనుబది యా కుటుంబములలోనివే యని లెక్కించినవారు చెప్పుచున్నారు. ఈ రెండువేలను బ్రయోగముతోఁ గుదుర్చుట యసాధ్యము గాదు. తక్కినవానికి వ్యాకరణము తోడ్పడును. “అన్” అను నుపసర్గము మన నఞర్థమును బోలునని చెప్పి, “హ్యాపీ–అన్‌హ్యాపీ” మొదలైన రెండు మూఁడు జంటలు చూపినచో బాలుఁడు పెక్కు పదములను దానే విప్పుకొనును. ఉత్సర్గాపవాదములను జెప్పిన భాష్యకారుని త్రోవయే యిది.

మఱియు మన పిల్లలు రిక్తహస్తులై బడికి రారు. కరెంటు, మోటరు, స్టార్టరు, బోరు, పైపు, బిల్లు, బస్సు మొదలుగా నాంగ్లపదములు వందలకొలఁది వారి యింటనే యున్నవి. ఇవి సిద్ధపదములు. వీనితో నారంభింపవలయును. కాని యిచ్చటఁ గూడఁ బ్రత్యుదాహరణ మవసరము. మా పొలములలోఁ గరెంటనఁగా విద్యుత్తే; ఆంగ్లమున నా పదము నీటిప్రవాహమునకును, వర్తమానకాలమునకును జెల్లును. బోరనఁగా మాకు గొట్టపుబావి. ఆంగ్లమున రంధ్రము చేయుటయు, విసుగు పుట్టించుటయుఁ గూడ. తెలిసిన యర్థమును ద్రోసిపుచ్చక, దానినుండి తెలియనిదానికి మెట్టు కట్టవలయును. తీఁగలోఁ బ్రవహించునది గనుక విద్యుత్తును గరెంటనిరని చెప్పినచో బాలుఁడు వాగులోని కరెంటును దానే పోల్చుకొనును.

ఇంతవఱకుఁ జెప్పిన దాని సారమిది. క్రొత్తపదమును మొదటఁ దెలిసిన వాక్యమున వినిపింపవలయును. అర్థమును బాలునిచేతనే చెప్పించి, గురువు దానిని మాతృభాషలో దిద్దవలయును. తరువాత నాంగ్లవాక్యమును, పదము మూసినను నర్థము జాఱనిదానిని, జూపవలయును. వెంటఁ బ్రత్యుదాహరణ మొకటి చెప్పవలయును. బాలుఁడు తన యింటినుండియో పొలమునుండియో యొక వాక్యమును గల్పించిన పిదప, చివరకు నిర్వచనమును వ్రాయింపవలయును. అప్పుడు లక్షణము దాని పని యది చేయును: తెలిసినదానిని వేఱుపఱచి నిలుపును. నేఁటి పుస్తకములలో క్రమము తలక్రిందైనది. చివర నుండవలసిన నిర్వచనము ముందు నిలిచి త్రోవ కడ్డుపడుచున్నది.

ఈ పని యాంగ్లోపాధ్యాయులది, మనకేల యని పండితులు తలఁపకుందురు గాక. ఆంగ్లము వారికిఁ దెలియును. అర్థగ్రహణరీతి మన శాస్త్రములోనిది. ఒక్కొక్క పాఠశాలలో భాషాపండితుఁడును ఆంగ్లోపాధ్యాయుఁడును గలసి కూర్చుండి, ఆ యూరి చెఱువును, సంతను, పొలమును వాక్యములలోనికిఁ దెచ్చి, ఏఁటికి రెండువందల పదములకైనను ఉదాహరణప్రత్యుదాహరణములు వ్రాసినచోఁ బదియేండ్లలో నా రెండువేలును బూర్తియగును. అందలి వాక్యములు కొన్నియైన భాష్యమునందువలె మూర్ధాభిషిక్తోదాహరణములై తరములు నిలుచును. నేను నా యరుగుమీఁదఁ గొన్ని పదములతో నారంభించితిని. ఇప్పటికి నలువదియాఱు పదములైనవి. వానిలో నాలుగు వాక్యములను బాలికలే దిద్దిరి. దోషములున్నచోఁ బండితులును దిద్దుదురు గాక.